గట్టు మీద తెడ్డు

1

పేట ఆటగాడు చిట్టా రాయాలని నిబంధన. కమిటీలో దాన్ని చదివేవాళ్లు లేరు కాబట్టి నిజాలే రాస్తాను.

నా పేరు పోలిరాజు. కరపత్రాల కింద "నిప్పురవ్వ" అని సంతకం పెడతాను. రేవుపేట తరఫున గట్టాట ఆడేది నేనే. ఈరోజు పొద్దున్న మేడ మీద ఎండ పలకలకు పట్టిన ఉప్పు తుడిచాను, ఐసు యంత్రానికి నీళ్లు పట్టాను, మా మేనత్త కాసులమ్మ చేత తిట్లు తిన్నాను. ఐసు గది ఆవిడది. నన్ను పెంచింది కూడా ఆవిడే. తిట్టడం, పెంచడం రెండూ ఒకే గొంతుతో చేస్తుంది.

తీపినీళ్ల ప్లాంటు నుంచి మా వైపు వచ్చే పైపు ఒకటే. పొద్దుటి వంతు ఒక పేటది, సాయంత్రం వంతు ఇంకో పేటది. మా ఐసు యంత్రం ఎండతో నడుస్తుంది. పొద్దున్న నీళ్లు పోస్తే బోట్లు తిరిగొచ్చేసరికి ఐసు తయారవుతుంది. అవతల వడ్లపేటవాళ్లు ఉప్పుడు బియ్యం చేస్తారు. వాళ్లూ పొద్దున్న ఉడకబెడితేనే పొద్దుగూకేలోపు ఎండుతుంది. ఇవాళ్టి నీళ్లు రేపటికి దాచుకోవడం నేరం. ఆ చట్టం మీద నాలుగు పేజీల కరపత్రం వేశాను. చట్టం ఇంకా ఉంది.

పొద్దుటి వంతు ఎవరిదో ఏటా గట్టాటలో తేలుతుంది. పూర్వం కోర్టులుండేవట. ఆ భవనాల కింది అంతస్తుల్లో ఇప్పుడు రొయ్యలు పెంచుతున్నారు. కోర్టులు మునిగాక కొన్నాళ్లు కత్తులతో తేల్చుకున్నారు. మా నాన్న ఆ కొన్నాళ్లలో పోయాడు. ఆట మేలు.

తెర మీద గాల్లో తేలే ఒక గట్టు ఉంటుంది. దాని మీద పేటకొక మనిషి, మనిషికి మూడు ప్రాణాలు. గట్టు మీంచి కిందికి పడితే ఒక ప్రాణం పోతుంది. దెబ్బలు తిన్నకొద్దీ మనిషి తేలికైపోతాడు, ఆఖరికి చిన్న తోపుకే ఎగిరిపోతాడు. ఇందులోని వర్గస్వభావం గురించి విడిగా రాశాను.

తెర మీది మనిషిని ఊహించి గీయడానికి లేదు. పేటలో బతికున్న మనిషి అయ్యుండాలి, ఆ మనిషి చేతుల్లో ఉన్న విద్యలే తెర మీదకు వస్తాయి. ఏటా కొత్తగా కొలుస్తారు, పాత కొలత చెరిపేస్తారు. మా మనిషి కాసులమ్మ అత్త. చేపకత్తి, గంప విసురు, అన్నిటికన్నా ముఖ్యంగా వల. గట్టు మీంచి పడిపోతూ వల విసిరితే అది అంచును పట్టుకుని మనిషిని పైకి లాగుతుంది. ఆ వలతోనే వరసగా గెలుస్తున్నాం.

ఇవి కాక ఊళ్లో ప్రతి పేటా ఒక ఆయుధం ఇవ్వాలి. ఆట మధ్యలో అవి పైనుంచి రాలుతుంటాయి, ఎవరికి అందితే వాళ్లవి. కుమ్మరివీధి కుండ ఇచ్చింది, లారీస్టాండు టైరు ఇచ్చింది. మేం తెడ్డు ఇస్తాం, దాని వాడకం కూడా అత్త చేతనే కొలుస్తారు. ఆయుధాలతో గెలవడం నాకు సరిపడదు. పైనుంచి ఏం రాలుతుందా అని తలెత్తుకుని నిలబడటం బానిసత్వమని రాశాను. ఆ కరపత్రం రెండోసారి కూడా అచ్చయింది.

కొలతకు తేదీ కోరుకోమని కాగితం వచ్చింది. నాలుగు తేదీలు ఖాళీ ఉన్నాయి, అందులో ఒకటి దసరా. నేను దసరానే కోరుకున్నాను. "పండగలు మా పేట పనికి అడ్డు రావు" అని రాసి కింద గీత గీశాను.

"ఆరోజు తెడ్డు ముట్టుకోరు కదరా," అంది అత్త.

"అందుకే ఆరోజు పెట్టించాను."

"ఏటి, నన్ను మార్చడానికా?"

"సమాజాన్ని."

"సమాజం ఇంకా లెగలేదు. ముందు ఆ మూల పలక తుడు, ఉప్పు అలాగే ఉంది."

2

దసరా. కొలతల బండి పొద్దెక్కాక వచ్చింది. దిగినావిడ విద్యుల్లత గారు, కొలతల ఆఫీసు మనిషి. ఒంటికి అంటించే బిళ్లల సంచీ దించింది, గట్టుకు బదులుగా ఒక చెక్కబల్ల వేసింది, చుట్టూ కెమెరాలు నిలబెట్టింది.

అప్పటికే మా వాకిట్లో తెడ్డు గోడకు నిలబెట్టి ఉంది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, నిమ్మకాయ. పక్కన వల కుప్ప, దానికీ బొట్టు. గంపకీ చేపకత్తికీ బొట్లు. ఐసు యంత్రానికి మూడు.

"అత్తా, వల విసురు," అన్నాను.

"ఈయేళ విసరరు."

"కొలత పోతుంది."

"ఏడాదంతా దాని చేత చాకిరీ చేయించుకుని ఒక్క పూట కూకోబెట్టలేమేటి? నువ్వే కదా రాసేవు, శ్రమపడేదానికి విశ్రాంతి హక్కని."

"అది మనుషుల గురించి."

"నాకు చదివినప్పుడు ఆ ముక్క సెప్పలేదు."

విద్యుల్లత గారి వైపు తిరిగి, ఇంకో తేదీ ఇమ్మన్నాను. మిగతా మూడూ నిండిపోయాయని చెప్పింది. "కొలత లేకపోతే ఆట వదులుకున్నట్టే లెక్కండీ. ఆవిడ ఏం చేస్తే అదే కొలుస్తాను. నాకు పట్టింపు లేదు."

అత్త బిళ్లలు అంటించుకుని బల్లెక్కింది. ప్రతి దసరాకు చేసే పనులే చేసింది. బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కడిగి, పీచు ఒలిచి, ఆకాశానికి చూపించి, కొట్టింది. హారతి తిప్పింది. శనగలు పంచింది. విద్యుల్లత గారు రెండు చేతులూ పట్టి తీసుకుని తినేసి మళ్లీ పట్టింది. చివరికి అత్త తెడ్డు ముందు నిలబడి, వొంగి, చాలాసేపు మొక్కింది.

"నేల మీద వాడకం వచ్చింది," అంది విద్యుల్లత గారు. "ఆయుధానికి గాల్లో వాడకం కూడా కావాలి. బల్ల మీంచి దూకుతూ తెడ్డు అందుకోండి."

"గాల్లో తెడ్డుకి మొక్కేదేటమ్మా," అంది అత్త. "ముందు మనం గట్టు మీద నిలబడాల, దాన్ని గట్టు మీద నిలబెట్టాల. అప్పుడు మొక్కాల."

విద్యుల్లత గారు యంత్రంలో కొట్టి, పైకి చదివి వినిపించింది. "గాలిలో వాడకం లేదు. ముందు గట్టు మీదకు. సరేనాండీ?"

"సరే," అంది అత్త.

నేను మేడెక్కి పలకలు తుడిచాను. అవి శుభ్రంగానే ఉన్నాయి.

3

ఆటగదిలో కొత్త కొలత వచ్చింది. కమిటీ పెద్ద ఎల్లాజీ బాబాయి చూడ్డానికి వచ్చి నా వెనక కుర్చీ వేసుకున్నాడు.

మొదటి బొత్తం: బొట్టు. ఎదుటిమనిషి నుదుటి మీద బొటనవేలితో ఒక్క నొక్కు. అతను ఒక అడుగు వెనక్కి వెళతాడు. రెండోసారి నొక్కితే పెట్టదు. బొట్టు ఉన్న మొహానికి మళ్లీ బొట్టు పెట్టడం అత్తకు అలవాటు లేదు.

రెండో బొత్తం: కొబ్బరికాయ. దెబ్బ గట్టిది. కడగడం, పీచు ఒలవడం, ఆకాశానికి చూపడం అయ్యాక పడుతుంది. ఈలోగా ఎదుటిమనిషి కావాలంటే ఇంటికెళ్లి రావచ్చు.

మూడో బొత్తం: శనగలు. విసిరితే దూరం వెళ్తాయి. తగిలినవాడు రెండు చేతులా పట్టుకుని తింటాడు. అతని దెబ్బలు మానతాయి.

"ఇదేటిది, మనం అవతలోడికి పెట్టి పోషిస్తన్నామేటి?" అన్నాడు బాబాయి.

నాలుగో బొత్తం: హారతి. వెలుతురు బాగుంది.

"వల ఏదిరా?"

"లేదు."

"మరి అంచు మీంచి పడిపోతే?"

"పడిపోతుంది."

బాబాయి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "తెడ్డయినా ఉందా?"

తెడ్డు ఉంది. రాలగానే చూపించాను. పట్టుకున్న మనిషి ఎవరైనా సరే, ఏ పేటవాడైనా సరే, దాన్ని గట్టు మీద నిలబెట్టి, బొట్టు పెట్టి, వొంగి మొక్కుతాడు. మొక్కు పూర్తయ్యేదాకా బొత్తాలు పనిచేయవు. అంతసేపూ ఎవడొచ్చి తన్నినా తన్నించుకోవాల్సిందే.

"తేదీ ఎవడు పెట్టించేడు?" అన్నాడు బాబాయి. ఆయనకు తెలుసు.

ఆ తర్వాత సాధనంతా ఒక్కటే: తెడ్డు రాలితే దాని నుంచి దూరంగా నడవడం. అది నా సిద్ధాంతానికి అనుకూలం కూడా.

4

సాధనలో యంత్రం మీద కూడా గెలవలేకపోతున్నాను. ఈరోజు అచ్చుగదికి వెళ్లాను. ఊళ్లో కరపత్రాలు అచ్చేసే యంత్రం ఒకటే, పాత బస్టాండు పై అంతస్తులో ఉంది. అందువల్ల నా కరపత్రాలకూ వడ్లపేట సుభాషిణి కరపత్రాలకూ అక్షరాలు ఒకేలా వంకర ఉంటాయి. వడ్లపేట తరఫున ఆడేది ఆమే. ఆమె మనిషి బస్తాల భద్రయ్య, మిల్లులో హమాలీ. బస్తా విసురుతాడు, తల వొంచి గుద్దుతాడు. పడిపోతుంటే బస్తాల కొక్కెం అంచుకు తగిలించి పైకి వచ్చేస్తాడు.

"ఏం నిప్పురవ్వా, శనగలు పంచుతున్నావట," అంది.

నేను విషయానికొచ్చాను. ఇద్దరి ప్రాణాలూ సమానంగా ఉండగా గంట మోగినా, ఇద్దరూ ఆఖరి ప్రాణంతో ఒక్కసారే పడిపోయినా, పైపు పొద్దుటి వంతు రోజు విడిచి రోజు పంచాలని నిబంధన ఉంది. ఇంతవరకూ ఎవరూ దాన్ని వాడుకోలేదు. రెండు పేటలూ పేదవే, పైపు ఒకటే, మనం ఒకళ్లనొకళ్లు తోసుకోవడం ఎవరికి లాభం అన్నాను. ఆఖరి ప్రాణం దగ్గర ఇద్దరం కలిసి దూకేద్దాం అన్నాను.

సుభాషిణి అచ్చు యంత్రం చక్రం తిప్పుతూ వింది.

"కిందటేడు ఈ మాట చెప్పావా?"

"లేదు."

"అంతకు ముందేడు?"

"లేదు."

"ఓడిపోతానని తెలియగానే సమానత్వం గుర్తొచ్చిందన్నమాట."

నేను ఆరేసిన కరపత్రాలు సర్దసాగాను.

"మా బియ్యం మీరూ తింటున్నారుగా," అంది. "సాయంత్రం నీళ్లతో ఉడకబెట్టి, రాత్రంతా తడి మీద ఉంచితే వచ్చే వాసన అది. మూడేళ్లుగా తింటున్నారు, ఎందుకని ఒక్కరూ అడగలేదు. మా అమ్మ ఆ వడ్లు తిరగేసి తిరగేసి చేతులకు పుళ్లు. ఈ ఏడు నేను మామూలుగా ఆడితే గెలుస్తాను. తెలుసుగా?"

"తెలుసు."

"మరి నేనెందుకు దూకాలి?"

"వచ్చే ఏడు మళ్లీ మాకు వల వస్తుంది. మళ్లీ వాసన వస్తుంది. ఒకసారి పంచుకోవడం మొదలైతే మానడం కష్టం," అన్నాను. కరపత్రంలో రాయని మాట. నోటికి అప్పుడే వచ్చింది.

చక్రం ఆపింది. "మొదటి రెండు ప్రాణాలు జనం కోసం ఆడదాం. మూడోది కలిసి. నువ్వు ముందు అడుగెయ్యి."

"నువ్వు కొక్కెం వెయ్యవు కదా?"

"నీ దగ్గర వల లేదు కాబట్టి అడుగుతున్నావు. వెయ్యను."

5

రేపు ఆట. సాయంత్రం అత్త అన్నం పెట్టింది. బియ్యం వాసన ఈసారి నాకు తెలిసింది. చెప్పాను.

"ఇప్పుడు తెలిసిందేటి?" అంది. "సేప పులుసు పోసుకో, పోద్ది."

ఆ తర్వాత ఐసు గది కడుగుతూ మాట్లాడింది. వేటకెళ్లే బోట్లన్నిటికీ ఈ ఏడాది ఐసు ఇస్తానని మాటిచ్చిందట. ఐసు లేకపోతే వాళ్లు చేపను పడవ దగ్గరే దళారికి పడేస్తారు. వాళ్లకు వేరే దారి లేదు, ఆవిడకు ఐసు గది తప్ప వేరే బతుకు లేదు.

"గెలుస్తావేటి?"

"ఆడతాను."

"ఆడతావని తెలుసు. గెలుస్తావేటి అంటన్నాను."

సమానత్వం గురించి చెప్పవలసిన సమయం అదే. దాని మీద నా దగ్గర పదకొండు పేజీలున్నాయి. "చూద్దాం," అన్నాను.

సుభాషిణి మాట తప్పితే నేను కావాలని దూకి అత్త నీళ్లు పారబోసినవాణ్ని అవుతాను. మాట తప్పకపోతే సగం పారబోసినవాణ్ని అవుతాను. దీన్ని కరపత్రంలో ఇలా రాయం.

6

ఆట అయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పాత రైతుబజారు షెడ్డులో తెర కట్టారు. ఒక పక్క మా పేట, ఒక పక్క వాళ్ల పేట. అత్త నా వెనక వరసలో కూర్చుంది. చేతిలో ఐసు గది తాళం గుత్తి, మోగుతూనే ఉంది.

మొదటి రెండు ప్రాణాలు నేను పోగొట్టుకోవడం కష్టం కాలేదు. భద్రయ్య బస్తా విసిరితే ఒకటి, తలతో గుద్దితే ఒకటి. సుభాషిణి రెండు ప్రాణాలు పోగొట్టుకోవడమే కష్టమైంది. తెర మీద అత్త కాయ కడిగి పీచు ఒలుస్తుంటే భద్రయ్య ఎదురుగా నిలబడి చూడాల్సి వచ్చింది.

"ఏటి ఆ నిద్ర?" అని వడ్లపేట వరసలోంచి అరిచారు.

"పీచు తీసేదాకా ఆగేడు, మర్యాదస్తుడు," అన్నారు మా వరసలోంచి.

రెండోసారి కూడా ఆగాడు; రెండుసార్లూ కాయ దెబ్బకు కొక్కెం అందనంత దూరం ఎగిరిపోయాడు. ఆ తర్వాత వాళ్ల వరసలో ఒకళ్ల చెవిలో ఒకళ్లు గొణుక్కోవడం మొదలైంది. ఆ గొణుగుడు మంచిది కాదు.

ఇద్దరికీ ఒక్కొక్క ప్రాణం. గంటకు ఇంకా కొంచెం టైముంది. సుభాషిణి నాకేసి చూసింది. నేను పిడిని పక్కకు నొక్కాను. తెర మీద అత్త గట్టు చివరికి నడిచి, మెట్టు దిగినట్టు గాల్లోకి దిగింది. పక్కనే భద్రయ్య కూడా దిగాడు. ఇద్దరూ కిందికి పడుతున్నారు. చరిత్రలో ఇలాంటి క్షణాలు తక్కువ అనుకున్నాను.

భద్రయ్య కొక్కెం వేశాడు.

కొక్కెం అంచుకు తగిలింది. అతను నా పక్కనుంచి పైకి వెళ్లిపోయాడు. వడ్లపేట మొత్తం లేచి నిలబడింది. నేను పడుతూనే ఉన్నాను. వల లేదు. బొట్టు, కాయ, శనగలు, హారతి. మనిషిని నమ్మడం మీద నేను రాసిన వాక్యాలన్నీ గుర్తొచ్చాయి. ఒళ్లు మండిపోయింది. ఒళ్లు మండితే గాల్లో ఆగడం కుదరదు.

అప్పుడు పైనుంచి తెడ్డు రాలింది. గట్టు అంచుకు తగిలి, బంతిపూల దండతో సహా తిరుగుతూ, నా పక్కగా పడుతోంది.

బాబాయికి చూపించిన ఆ ఒక్కసారి తప్ప నిలబడిన చోట తెడ్డు పట్టడమే నేను ఎన్నడూ చేయలేదు, గాల్లో పట్టడం సంగతి చెప్పేదేముంది. విద్యుల్లత గారు పైకి చదివిన మాట ఒకటి చెవిలో ఉండిపోయింది. గాలిలో వాడకం లేదు. ముందు గట్టు మీదకు.

ఎవరికీ దేనికీ మొక్కనని మూడు కరపత్రాల్లో రాసినవాణ్ని నేను. తెడ్డు అందుకునే బొత్తం నొక్కింది కూడా నేనే. ఎవరూ చెయ్యి పట్టి నొక్కించలేదు.

యంత్రం మాట మీదే నిలబడింది: తెర మీద అత్త మాయమైంది. మరుక్షణం తెడ్డుతో గట్టు మధ్యలో ఉంది. తెడ్డు నిలబెట్టింది. బొట్టు పెట్టింది. వొంగింది.

మొక్కు మొదలైంది. నా బొత్తాలు చచ్చిపోయాయి. భద్రయ్య పక్కనే, ఒక్క అడుగు దూరంలో, బస్తా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క విసురు చాలు. వడ్లపేట వాళ్లందరూ ఒకే మాట అరుస్తున్నారు, "కొట్టు, కొట్టు" అని. వెనక అత్త తాళం గుత్తి మోగడం మానేసింది.

నేను సుభాషిణి వైపు చూశాను. ఆమె తెరకేసి చూస్తోంది. బొటనవేలు బొత్తం మీద ఉంది. వేలి గోరు తెల్లబడి ఉంది.

భద్రయ్య బస్తా దించాడు.

మొక్కు అయిపోయింది. నా బొత్తాలు బతికాయి. చేతికందిన బొత్తం నొక్కాను. శనగలు వెళ్లాయి. భద్రయ్య రెండు చేతులా పట్టుకుని తింటుండగా గంట మోగింది.

ఒక్కొక్క ప్రాణం. సమానం.

వడ్లపేటవాళ్లు కుర్చీలు ఎత్తారు, తర్వాత ఎందుకో దించారు. కొట్టడానికి గెలిచినవాళ్లెవరూ కనబడలేదేమో. ఎల్లాజీ బాబాయి నిబంధనల కాగితం తెప్పించి చదివించుకుని, ఆ నిబంధన నిజంగానే ఉందని తేలాక నీరసంగా కూర్చున్నాడు.

బయట సుభాషిణిని పట్టుకున్నాను.

"కొక్కెం వెయ్యనన్నావు."

"పడుతుంటే కొక్కెం వెయ్యడం చేతికి అలవాటు. నాలుగేళ్లుగా అదే చేస్తున్నాను," అంది. "నాకు తెలిసేసరికి పైన ఉన్నాను."

"మరి పైకెళ్లాక?"

"బొత్తం ఇరుక్కుంది."

నేను లోపలికి వెళ్లి ఆమె బొత్తం నొక్కి చూశాను. బాగానే పనిచేస్తోంది. బయటికి వచ్చేసరికి వెళ్లిపోయింది.

7

పైపు మొన్న, మూడేళ్లకు మొదటిసారి, పొద్దున్న వడ్లపేటకు వెళ్లింది. మా కుళాయి తిప్పితే గాలి వచ్చింది. ఐసు యంత్రం ఖాళీగా ఎండలో కూర్చుంది, మూడు బొట్లతో.

ఆట అయినప్పటి నుంచి అత్త నాతో మాట్లాడలేదు. తిట్టలేదు కూడా. తిట్లు లేని పొద్దు ఎలా గడపాలో తెలియక పలకలు రెండుసార్లు తుడిచాను. బోట్లు వచ్చాయి. సగం చేప దళారి పట్టుకుపోయాడు. మిగతా సగం అత్త తెచ్చి, కోసి, ఉప్పు పట్టించి ఎండబెట్టసాగింది. నేనూ పక్కన కూర్చుని కోశాను.

"కావాలనే దూకేవా?" అంది, కత్తి ఆపకుండా.

"అవును."

"ఆ వడ్లపేట గుంటా నువ్వూ అనుకునే?"

"అవును."

"మరి తెడ్డెందుకు పట్టేవు?"

"కోపం వచ్చింది."

ఇంకో చేప తీసుకుంది. పొట్ట కోసింది. "పొద్దుటి నీళ్లు రోజు మార్చి రోజు. బాగుంది. ఎల్లి సముద్రంలో సేపలకి కూడా సెప్పిరా, రోజు మార్చి రోజు పడమని. నిప్పురవ్వ సెప్పేడని సెప్పు."

నా పదకొండు పేజీల్లో చేపల ప్రస్తావన లేదు.

ఈరోజు మధ్యాహ్నం వడ్లపేట నుంచి ఎవరో సంచీ ఒకటి గుమ్మంలో పెట్టి వెళ్లారు. అందులో బియ్యం. అత్త గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది. నా ముక్కు దగ్గర పెట్టింది. ఎండ వాసన తప్ప ఇంకేమీ రాలేదు.

"ఇది వొండుతాను," అంది. "ఆ ఉప్పు సేపలు నాలుగు కట్టి అవతలకి పంపు."

చేపలు కట్టాను. వెళ్లబోతుంటే తెడ్డు వాకిట్లో అడ్డంగా పడి ఉంది, పడవవాళ్లు ఎవరో వదిలేసి పోయారు. మామూలుగా అయితే కాలితో పక్కకు నెట్టేవాణ్ని. వొంగి, తీసి, గోడకు నిలబెట్టాను.

అత్త చూసింది. ఏదో ఒకటి అని ఉంటే జవాబు చెప్పేవాణ్ని.